పాలకేంద్రం ముందు గేదెను పితికిన సాయంత్రం

మా చిన్నప్పుడు... పాలకేంద్రం మెట్ల మీద పాలూ రక్తమూ కలిసి పారడం నేను చూశాను. నాకప్పుడు పదేళ్ళు.

ద్రాక్షారామం దగ్గర కాలువ గట్టున మా ఊరు. నాన్న పోయాక మాకు మిగిలింది ఒక్క గేదె. అమ్మ తవుడు కలిపి పెట్టి, పాలు పితికి, మా కోసం ఓ సోలెడు దాలిలో పిడకల సెగన పెట్టి, మిగతావి కేంద్రంలో పోసి వచ్చేది. వెనకే నేను...

కేంద్రం నడిపేది సూరిబాబు. పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు ముంచేదీ అతనే, పాలు బాగున్నాయో లేదో చెప్పేదీ అతనే. ఆ వేసవిలో రోజూ ఎవరో ఒకరి పాలు "నీళ్ళపాలు" అని తిప్పి పంపేవాడు. ఆ పాలనే అతని బావమరిది దారిలో కాపు కాసి, చవగ్గా కొనుక్కునేవాడు.

ఓ పొద్దున అమ్మ వంతు వచ్చింది.

"నీళ్ళు కలిపే దొంగలకి ఇక్కడ చోటు లేదు. రేపట్నుంచి రాకు" అన్నాడు, అందరూ వింటుండగా.

అమ్మ ఇంటికొచ్చేసింది. సాయంత్రం గేదెను విప్పి నేరుగా కేంద్రానికే తోలుకొచ్చింది. దూడ తాడు నా చేతిలో ఉంది. దూడ రెండు గుక్కలు తాగగానే గేదె పాలు చేపింది. అమ్మ అందరి కళ్ళముందే పితికి, తపేలా అతని ముందు పెట్టింది.

"ఇప్పుడు చూడండి, సూరిబాబు గారూ."

ముంచాడు. మళ్ళీ అదే మాట... నీళ్ళే!

"అంటే పొదుగులో నీళ్ళు పోసి తెచ్చానా అండీ?"

పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్ళు ఘొల్లుమని నవ్వారు. అమ్మ నవ్వలేదు. పరీక్ష చేసే గాజు జాడీలో బోరింగు నీళ్ళు పట్టి తెచ్చింది. "మంచినీళ్ళలో ఇది సున్నా దగ్గర నిలవాలని పశువుల డాక్టరు గారు చెప్పారు" అంటూ లాక్టోమీటరు లాక్కుని అందులో వేసింది. సున్నా గీత నీళ్ళలో మునిగిపోయింది. లోపలి అంకెల కాగితాన్ని ఎవరో కిందికి జరిపేశారు, ఎంత చిక్కటి పాలైనా నీళ్ళపాలని చూపించేలా.

సూరిబాబు మొదట తపేలాని తన్నాడు. తరవాత అమ్మని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. క్యాన్లలో పాలు కలిపే ఇనుప కాడ అందుకుని తల మీద, చెంప మీద... ఎన్ని దెబ్బలో. నేను తాడు వదిలేసి వెళ్ళి అతని చెయ్యి కొరికాను. నోరంతా ఉప్పగా రక్తం. విదిలించి కొడితే మెట్ల మీద పడ్డాను, ముందు పన్ను ఊడిపోయింది.

అప్పుడు లేచింది వీరమ్మ మామ్మ. డెబ్భై ఏళ్ళ మనిషి. ముందురోజే ఆవిడ పాలూ తిప్పి పంపాడు. ఖాళీ క్యాను ఎత్తి అతని భుజం మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఇక ఆడవాళ్ళంతా మీద పడ్డారు... క్యాన్లతో, చెప్పులతో, గోళ్ళతో. అతను కాలువ వైపు పాకుతున్నా వదల్లేదు.

"కొట్టండి! ఇంకా కొట్టండి!" అని అరిచింది నేనే. ఆ గొంతు నాదంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆపింది అమ్మే. మొహమంతా రక్తం కారుతుండగా అతని మీద అడ్డంగా పడిపోయి, "చాలమ్మా... చచ్చిపోతాడు. వాడికీ పిల్లలున్నారు" అంది.

పోలీసులొచ్చి లాక్టోమీటరు పట్టుకెళ్ళారు. సూరిబాబు ఆసుపత్రి నుంచి మళ్ళీ మా ఊరు రాలేదు. కొత్తగా వచ్చినాయన మొదటి రోజే, ఎవరూ అడక్కుండానే, లాక్టోమీటరు నీళ్ళలో ముంచి అందరికీ చూపించాడు. లైన్లో ముందు నిలబడింది అమ్మే... తలకి కట్టుతో.

ఇప్పుడు మా ఊళ్ళో మెషినుంది. పాలు పోయగానే చీటీ వస్తుంది. ఎవరూ ఎవర్నీ దొంగ అనరు. రాజమండ్రిలో మా ఇంటికేమో ప్యాకెట్లొస్తాయి... ఏ గేదె ఇచ్చిందో, ఏ తల్లి పితికిందో తెలీదు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎడమవైపు నుంచి పిలిస్తే వినపడదు. నా పిల్లలు కావాలని అటు నుంచే "అమ్మమ్మా" అని పిలిచి నవ్వుతారు. ఆవిడా నవ్వేస్తుంది. ఎందుకు వినపడదో వాళ్ళకి ఇంకా చెప్పలేదు... ఈ రోజు చెప్పాలనుకుంటున్నాను.

మీ అమ్మ మీకోసం ఎవరికైనా ఎదురు నిలబడిన రోజు మీకు గుర్తుందా... ఉంటే ఇక్కడ రాయండి. మా అమ్మకి చదివి వినిపిస్తాను, కుడివైపు కూర్చుని.