మూట విప్పని పూట

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ముందు కంచం, తర్వాతే కబుర్లు. చీరలు కొనడానికి వచ్చినవాళ్ళ విషయంలో ఆ పద్ధతి మరీ గట్టిది. వచ్చిన మనిషి ఇంత తిని చెయ్యి కడిగేదాకా మా వాళ్ళు చీరల మూట ముడి విప్పేవారు కాదు. ఆకలితో ఉన్నవాడితో బేరమాడటం పాపమని తాతల నాటి మాట. మాది పోచంపల్లి మగ్గాల ఇల్లు. పెదనాన్న ఊళ్ళో నేయిస్తే, మా నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం పెట్టి ఆ చీరలు అమ్మేవాడు.

తెలంగాణ కావాలని మొదటిసారి ఊరూవాడా లేచిన రోజులవి. బడులు మూతపడ్డాయి. మాకది పండగే, పొద్దస్తమానం గల్లీలో జై తెలంగాణ అని అరుస్తూ తిరగడమే పని. పెద్దవాళ్ళకు మాత్రం పండగ కాదు. బజార్లు మూసి ఉండటంతో చీరలు అమ్ముడుపోక ఇంట్లో పేరుకుపోయాయి. నూలు కొనే దారి లేక ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగుతున్నాయి. ఈ సరుకు కదలకపోతే నాయిన షోలాపూర్ మిల్లులో పనికి పోవాల్సిందేనని ఇంట్లో తేల్చారు. మా చుట్టాల్లో షోలాపూర్ పోయినవాళ్ళు పెళ్ళిళ్ళకు తప్ప కనబడేవారు కాదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

అలాంటప్పుడు ఏలూరు నుంచి ఒక బట్టల షావుకారు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ రోజుల్లో కోస్తా మనిషి ఇటు రావడమే గొప్ప. విజయవాడ బస్సు ఒకరోజు నడిస్తే ఒకరోజు నడవదు. అమ్మ తెల్లవారకముందే లేచి కోడికూర వండి, జొన్నరొట్టెలు చేసింది. ఆయన తెల్లపంచె కట్టుకుని, చంకలో సంచితో, బెదురు చూపులు చూసుకుంటూ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చోగానే నాయిన కంచం పెట్టించాడు.

“అబ్బే, ఇప్పుడేం వద్దండీ. ముందు సరుకు చూపించండి,” అన్నాడాయన.

నాయిన మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ చేతులు జోడించాడు. చాయ తెచ్చినా ముట్టలేదు. ఆయన మూట వైపు చూస్తాడు, నాయిన కంచం వైపు చూస్తాడు. ఇద్దరూ మర్యాదస్తులే, అదే వచ్చిన చిక్కు. పొద్దు వాలితే తిరుగు బస్సు దొరుకుతుందో లేదో తెలియదు. చివరికి ఆయన సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నాయిన లోపలికొచ్చి పళ్ళు కొరికాడు. “మనింట్ల ఎంగిలి పడడట. గింత చిన్నచూపా? అసుంటోనికి నేను మూట ఇప్ప. పోతే పోనియ్యి.” ఆ రోజుల్లో ఆ కోపానికి పెద్ద కారణం అక్కర్లేదు, అది గాలిలోనే ఉండేది. నాకు మాత్రం షోలాపూర్ రైలు కళ్ళముందు కదిలింది. ఏడుపు ఆపుకుంటూ మా మేనత్త కొంగు పట్టుకున్నాను.

మేనత్త నాయిన కన్నా పెద్దది, మామయ్య పోయాక మాతోనే ఉండేది. గోడతోనైనా మాట కలపగల మనిషి. “జర ఆగు తమ్మీ. ఎందుకు తింటలేవని అడిగినవా?” అంది. నాయిన అడగలేదు. ఆ మాటకొస్తే అడగాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆమె వెళ్ళి షావుకారు ఎదురుగా కూర్చుంది. మూట ఎందుకు విప్పడం లేదో, మా పెద్దల మాట ఏమిటో ముందు తానే చెప్పింది. “గిది మా పద్ధతన్నా. మరి మీ దిక్కు ఎట్ల?”

ఆయన ముఖం తేటపడింది. “అయ్యో, మీ ఇంట తినకూడదని కాదమ్మా. మీ ఉప్పు తిన్నాక చీరలో లోపం కనబడితే చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? సరుకు చూడకముందు అమ్మేవారింట్లో చెయ్యి కడగొద్దని మా నాన్నగారి మాటండీ.”

మేనత్త పకపకా నవ్వింది. ఆకలివాణ్ణి మోసం చేయకూడదని మావాళ్ళు, అన్నం తిన్న మొహమాటంతో అబద్ధమాడకూడదని వాళ్ళు. ఇద్దరూ కోరుకున్నది న్యాయమైన బేరమే, దానికోసమే బేరం చెడగొట్టుకోబోయారు. కానీ కారణం తెలిసినంత మాత్రాన ముడి విడిపోదు కదా. నాయిన తన మాట తప్పడు, ఆయన తన మాట తప్పడు.

మేనత్త నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి బయల్దేరింది. పక్కింటి అక్క వాళ్ళది గుంటూరు వైపు, ఆమె భర్తకు సర్కారు కొలువు. అంతకుముందు గోడ మీదుగా కూరలు అటూ ఇటూ పోయేవి. గొడవలు మొదలయ్యాక వాళ్ళ తలుపులు మూసే ఉంటున్నాయి. అత్త తట్టితే అక్క సగం తలుపే తెరిచింది, ఆమె ముఖంలో భయం నాకు కూడా కనిపించింది.

“చెల్లే, మా ఇంటికొచ్చిన మనిషికి జర ఇంత బువ్వ పెడ్తవా? అమ్మెటోళ్ళింట్ల ఆయన తినడు. తినకుంటె మేము మూట ఇప్పం. నువ్వైతే చీరలమ్ముతలేవు గద.”

సంగతి అర్థమయ్యేసరికి అక్కకు నవ్వాగలేదు. “ఎంత మాట అక్కగారూ, తీసుకురండి,” అంటూ తలుపు బార్లా తీసింది.

పక్కింట్లో షావుకారు దోసకాయ పప్పుతో తిని, మజ్జిగ పోసుకున్నాడు. కడుపు నిండిన మనిషి తిరిగొచ్చాడు గనక నాయిన మూట విప్పాడు. కొన్ని చీరల్లో అంచు సరిగా కలవలేదని ఆయన మొహమాటం లేకుండా పక్కన పెట్టాడు, నాయిన ఒప్పుకున్నాడు. మిగతావన్నీ తీసుకుని, ఇంకా నేయించమన్నాడు. బేరం తెగగానే అమ్మ వైపు తిరిగి, “ఇప్పుడు పెట్టండమ్మా, ఆ కోడికూర వాసన ఇందాకటి నుంచి ప్రాణం తీస్తోంది,” అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం. నాయిన ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న చోటిదాకా వెళ్ళి ఆయన్ని బస్సెక్కించి వచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో షోలాపూర్ మాట వినబడలేదు. మిగిలిన కోడికూరంతా ఆ రోజు నేనే తిన్నాను.

పెద్దయ్యాక బట్టలు ఎగుమతి చేసే కంపెనీలో చేరాను. ఒకసారి జపాన్ నుంచి వచ్చినాయన మా నమూనాలు చూసి ఎంతకీ నోరు విప్పలేదు. నచ్చలేదనుకుని మా మేనేజరు వాటిని చుట్టేయబోయాడు. నేను ఆపి, మా దగ్గర నచ్చితే వెంటనే చెప్పేస్తాం, మీ దగ్గర ఎలా అని అడిగాను. పనితనం ఉన్న బట్ట గురించి తొందరపడి మాట్లాడటం తనకు అలవాటు లేదని, ఇంకా చూస్తున్నానని ఆయన చెప్పాడు. ఇలాంటివి ఇప్పుడు ఆఫీసుల్లో తెర మీద బొమ్మలు వేసి నేర్పుతున్నారు. మంచిదే, నేర్పాలి.

ఎవరైనా నాకు వద్దని చెబితే మనసు చివుక్కుమనడం ఈ వయసులోనూ పోలేదు. కానీ ఆ వెంటనే నోరు ఎందుకని అడిగేస్తుంది. ఆ ఒక్క మాట అడగకపోయి ఉంటే మా నాయిన నాకు పెళ్ళిళ్ళలో మాత్రమే కనబడేవాడు.