విజ్ఞప్తిగారి కోటు

విజ్ఞప్తిగారికి తాగుడు లేదు, పేకాట లేదు, చాడీలు చెప్పే సరదా అంతకన్నా లేదు. ఉన్న వ్యసనం ఒక్కటే. చలికాలం మొదలైందంటే చాలు, వెచ్చగానూ అందంగానూ ఉండే కోటు కోసం ఊళ్లో బట్టల దుకాణాలన్నీ జల్లెడ పట్టేవారు. వెచ్చగా ఉండేది గోనెసంచిలా ఉంటుందనీ, అందంగా ఉండేది దోమతెరలా ఉంటుందనీ, రెండు గుణాలూ ఉన్నదాన్ని ఎప్పుడూ మన ముందువాడే కొనుక్కుపోతాడనీ ఆయన సిద్ధాంతం. అంత తెలిసీ వెతకడం మాత్రం మానేవారు కాదు.

ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎక్కడా వినబడేది కాదు. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ వచ్చే రైళ్లూ పోయే రైళ్లూ చెప్పడం ఆయన ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే మాటతో నోరు తెరవడం వల్ల ఊరు ఆయనకి విజ్ఞప్తిగారని పేరు పెట్టేసింది. ఆ ధోరణి ఇంటిక్కూడా వచ్చేసింది. కూరలో ఉప్పు తక్కువైతే, ఉప్పు రావలసిన సమయానికి రాలేదని ప్రకటించేవారు. భార్య ఆ ప్రకటనని అక్కడికక్కడే రద్దు చేసి ఉప్పు డబ్బా ముందు పెట్టేది.

విచిత్రమేమిటంటే, ఊరంతా ఆయన్ని వింటుంది గాని ఎవరూ చూడరు. ప్లాట్‌ఫారం చివర, మెట్లెక్కి వెళ్తే, బీరువాకి తమ్ముడిలాంటి గది. పగిలిన కిటికీ అద్దానికి అడ్డంగా అట్టముక్క. అందులో ఆయనా, మైకూ, ఒక స్టూలూ. ఎవరికీ కనబడని మనిషికి కోటు అందంగా ఎందుకని తోటివాళ్లు ఆటపట్టిస్తే, నలిగిన బట్టలో కూర్చున్నవాడి మాట కూడా నలిగే ఉంటుందనేవారు. మనిషి చూస్తే పొట్టి, పైగా గుండ్రం. దిండుకి కాళ్లొచ్చినట్టు ఉండేవారు.

ఆయన మేనకోడలు కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం వచ్చి ఆ ఊరు చేరింది, మావయ్య ఇంట్లోనే దిగింది. పెట్టె విప్పి బట్టలు సర్దుకుందో లేదో, ఆదివారం వచ్చింది. ఆదివారంతో పాటు మావయ్యా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒక్క గంట పని, నీ కళ్లు కావాలి అన్నారు. ఆ ఒక్క గంట దీపాలు పెట్టేదాకా సాగింది.

దుకాణాల వాళ్లకి ఆయన పాత కాపు. ఆయన గుమ్మంలో కనబడగానే ఒకడు స్టూలు తెచ్చి మధ్యలో వేశాడు. కోటు తొడుక్కుని విజ్ఞప్తిగారు ముందు దాని మీద కూర్చున్నారు. మైకు మీదికి వంగినట్టు వంగి, వీపు దగ్గర పట్టేస్తోందా అని చూసుకున్నారు. తర్వాత వీధి తలుపు బార్లా తీయమని, గాలికి ఎదురుగా నిలబడ్డారు. తక్కిన కొనుగోలుదార్లు ముక్కులు తుడుచుకుంటూ పక్కకి తప్పుకున్నారు. ఆఖరున అద్దానికి వీపు తిప్పి, మేనకోడల్ని అడిగారు.

"మన వెనకాల నడిచేవాడు ఏమనుకుంటాడో చెప్పు."

"వాడి పని మీద వాడు పోతాడు మావయ్యా. ఏమనుకుంటాడు?"

"అదే, పోతూ పోతూ ఏమనుకుంటాడు?"

ఆమె ఆవలించింది. ఆయన మాత్రం గంభీరంగా గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. ప్రయాణికులకు విజ్ఞప్తి, ఈ కోటుకి అందం సరైన సమయానికే వచ్చింది గాని వెచ్చదనం చాలా ఆలస్యంగా నడుస్తోంది, అని. అవతలి వరసలో మేజోళ్లు బేరమాడుతున్న ముసలావిడ ఆ గొంతు వినగానే సంచీ చంకన పెట్టుకుని, ఏ ప్లాట్‌ఫారం నాయనా అంటూ పరిగెత్తింది. ఆవిణ్ణి వెనక్కి తెచ్చి కూర్చోబెట్టేసరికి దుకాణంవాడికి తల ప్రాణం తోకకొచ్చింది.

అలా వారాలు గడిచాక, ఒక ఆదివారం బూడిదరంగు కోటొకటి అన్ని పరీక్షలూ నెగ్గింది. లోపల దట్టమైన ఉన్ని, పైన చక్కని కోత. ఒక్కటే చిక్కు. అది తాటిచెట్టు కొలతలకి కుట్టినట్టుంది. తొడుక్కుంటే మావయ్య వేళ్లు మాయమయ్యాయి, అంచు బూట్ల మీదికి దిగింది. మేనకోడలు మొత్తుకుంది. చలికి చేతులు లోపలికి ముడుచుకోవడానికి జాగా ఉండాలని ఆయన వాదించి మరీ కొన్నారు. ఆ వారం తిరక్కుండానే కోటు మాయం. మెడ దగ్గర గుచ్చుకుంటోందట, ఎవరికో అంటగట్టేశారట. అత్తయ్య విని, ఊఁ అని ఊరుకుంది.

మళ్లీ వేట మొదలు. ఈసారి ముదురాకుపచ్చది. ఇది సన్నటి మనిషికి తగ్గది, మావయ్యకి గుండీలు సగం దూరంలోనే ఆగిపోయాయి. సన్నబడతాను చూస్తూ ఉండు అన్నారు. సన్నబడకముందే అదీ పోయింది. రంగు తన మొహానికి నప్పలేదన్నారు. కొన్నాళ్లకి, స్టేషన్ బయట పేపర్లమ్మే బక్కపలచటి మనిషి అలాంటి కోటే వేసుకుని కనబడ్డాడు గాని, ఆ రంగు కోట్లు ఊళ్లో ఎన్ని లేవని ఆమె పట్టించుకోలేదు.

ఇన్ని కోట్లు కొన్న మనిషి ఒంటి మీద మాత్రం ఎప్పటిదో పాత కోటే. దాని అస్తరు ఊడి వెనకాల వేలాడేది. చలి మరీ ముదిరితే దాని మీద అత్తయ్య శాలువా కప్పుకునేవారు. అప్పుడాయన వెనకాల నడిచేవాడు ఏమనుకుంటాడో ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆ ఏడు మంచు మరీ దట్టంగా దిగింది. కిటికీలో అట్టముక్క తడిసి ఊడిపోయింది. విజ్ఞప్తిగారికి జలుబు చేసింది, జలుబు దగ్గైంది, దగ్గు గొంతులో మకాం పెట్టింది. ఒక పొద్దున మైకులోంచి ఊరికి వినబడింది గొంతు కాదు, తుప్పు పట్టిన తలుపు చప్పుడు. ఏ రైలు ఎటు పోతోందో తెలియక ఒక కుటుంబం మొత్తం తప్పు రైలెక్కి కూర్చుంది. స్టేషన్ మాస్టరు మంచివాడే, కోప్పడలేదు. గొంతు బాగయ్యేదాకా పార్సిళ్ల దగ్గర కూర్చోండి, పండక్కి ఇంటికెళ్లినట్టు అనుకోండి అన్నాడు. బాగవకపోతే మైకు దగ్గరికి ఇంకొకరిని తీసుకోవాల్సి వస్తుందని కూడా, కాస్త మొహమాటపడుతూ, అన్నాడు.

మావయ్య ఆ సాయంత్రం ప్రకటనలేమీ చేయలేదు. చేయడానికి గొంతూ లేదు. కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తినేశారు. అత్తయ్య ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టి, కాసేపు ఆయన మొహంలోకి చూసి, మళ్లీ తీసుకుపోయింది. మేనకోడలికి ఆ మౌనం చూసి జాలి వేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఒంటి మీద ఒక మంచి కోటు నిలుపుకోలేని మనిషి, ఉద్యోగం పోగొట్టుకోక ఏం చేస్తాడని లోపల్లోపల తిట్టుకుంది.

మర్నాడు ఆమె పనిచేసే దుకాణానికి గడియారాల మేస్త్రీ వచ్చాడు. నిచ్చెనలాంటి మనిషి. బజారులో ఆయన కొట్టు మూతబడింది, ఇప్పుడు స్టేషన్ గడియారానికి కీ ఇచ్చే పని ఒక్కటే మిగిలింది. మహా అభిమానవంతుడు. కొట్టు పోయినప్పుడు బజారువాళ్లంతా కలిసి ఏదో సాయం చేయబోతే, గుమ్మంలోనే దణ్ణం పెట్టి తలుపేసుకున్నాడని ఆమె వింది. ఆయన ఒంటి మీద బూడిదరంగు కోటు. చేతులు మణికట్టు దగ్గర లెక్కగా ఆగాయి. అంచు మోకాళ్ల కింద సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. అది వేసుకుని ఆయన, కొట్టు మూసేసిన మేస్త్రీలా లేడు. పది కొట్లున్న ఆసామీలా ఉన్నాడు.

కోటు చాలా బావుందండీ అంది మేనకోడలు.

"బావుంటే ఏం లాభమమ్మా, నా నెత్తిన పడింది" అన్నాడు మేస్త్రీ, కాస్త గర్వంగానే. "స్టేషన్లో విజ్ఞప్తిగారని ఉన్నారు. ఆయన కొలతలు చూసుకోకుండా కొనేశారు. దుకాణంవాడు వెనక్కి తీసుకోడట, ఇంటికి తీసుకెళ్తే భార్య ఊరుకోదట. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒకటే గోల. పోనీలే పాపమని నేను పుచ్చుకున్నాను. ఆయన చేతులు పట్టుకుని మరీ కృతజ్ఞత చెప్పారు."

ఆమె కళ్లద్దాలు తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది. ఇది కొని తెచ్చిన రోజున, చలికి చేతులు లోపలికి ముడుచుకోవాలని మావయ్య చెప్పిన వాదన గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

ఇంటికెళ్లి అత్తయ్యని నిలదీసింది. అత్తయ్య ఆరిన బట్టలు మడతపెడుతోంది, చెయ్యి ఆపలేదు. ఇదేం కొత్తకాదంది. ఏటా జరిగేదేనట. ముందు మనిషిని చూసుకుంటారట, తర్వాత ఆ మనిషి కొలతల కోసం వెతుకుతారట. తీసుకునేవాడే తనని ఆదుకోవాలన్నంత ఏడుపు మొహం పెట్టి అంటగడతారట.

"సరే, ఇవ్వడం బాగానే ఉంది. వెచ్చగా ఉంటే చాలదా అత్తయ్యా? ఆ అందం గొడవెందుకు?"

అత్తయ్య అప్పుడు చెయ్యి ఆపింది. "చిన్నప్పుడు మీ మావయ్య బడికి ఒకళ్లిచ్చిన కోటేసుకెళ్లేవారు. వెచ్చగానే ఉండేదిట. కానీ దాన్ని చూడగానే, ఎవరో ఇచ్చారని ప్రతివాడికీ తెలిసిపోయేదిట. చలికి ఓర్చుకోవచ్చు గాని దానికి ఓర్చుకోలేకపోయాను అంటారు. బావున్న కోటైతే, ఇష్టపడి కొనుక్కున్నాడనుకుంటారు కదా."

మరి ఆయనకి నువ్వైనా ఒకటి కొనొచ్చుగా అని అడిగింది. రెండుసార్లు కొనిచ్చానంది అత్తయ్య. తనకొద్దు, ఎవరైనా ఇస్తే తీసుకోవడం తనకి చేతకాదు అన్నారట. ఆ రెండూ ఎవరి ఒంటి మీదికి చేరాయో ఆమెకీ తెలియదు.

ఆ రోజు నుంచి మేనకోడలు పని అవగానే దుకాణాల మీద పడింది. ఇదివరకు వెనకాల ఆవలిస్తూ నిలబడ్డ పిల్ల, ఇప్పుడు తానే స్టూలు వేయించుకుని కూర్చుంది, తలుపులు తీయించింది, గాలికి ఎదురు నిలబడింది. వెచ్చనిది గోనెసంచే, అందమైనది దోమతెరే. మావయ్య సిద్ధాంతంలో అక్షరం పొల్లుపోలేదు. రంగు కుదిరితే మెడ దగ్గర గుచ్చుకునేది, మెడ కుదిరితే గుండీలు వెక్కిరించేవి. పైగా, దిండుకి కాళ్లొచ్చిన కొలతలకి కోటు కుట్టేవాడు లోకంలో తక్కువ. తిరిగి తిరిగి ఆమెకీ జలుబు పట్టుకుంది. ఆఖరికి ఒక మూల కొట్లో నశ్యం రంగు కోటు దొరికింది. దాన్ని వెనక్కి తిప్పి వేలాడదీసి, వెనకాల నడిచేవాడిలా నాలుగడుగులు వెనక్కి వేసి, చాలాసేపు చూసింది.

ఇంటికి వచ్చి కోటు సంచీ బల్ల మీద విసురుగా పడేసింది. ఏడుపు మొహం పెట్టడం ఆమెకి అంత బాగా రాలేదు గాని, జలుబు కొంత సాయం చేసింది. దుకాణంలో మేనేజరుగారికి అందరం కలిసి కానుకిద్దామని తనని పంపారనీ, ఆయన కొలతలు ఎవరో తప్పు చెప్పారనీ, కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడనీ, ఇది కళ్లముందుంటే తన పరువు పోయేలా ఉందనీ చెప్పుకొచ్చింది. ఎవరైనా పుణ్యాత్ములు వదిలిస్తే బావుండునంది.

విజ్ఞప్తిగారు సంచీ విప్పి కోటు బయటికి తీశారు. భుజాలు చూశారు, చేతులు చూశారు, నడుము దగ్గర వెడల్పు చూశారు. కొలత ఎంత తప్పినా అంత వెడల్పు ఏ మేనేజరుకుంటుందని ఆయనకి అనుమానం రాకపోలేదు. మేనకోడలి మొహంలోకి చూశారు. ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. అత్తయ్య, మడతపెట్టిన బట్టనే విప్పి మళ్లీ మడతపెట్టసాగింది.

"గుండీలు కాస్త పెద్దవిగా ఉన్నాయి" అన్నారాయన బొంగురుగా.

"అందుకే ఎవరూ తీసుకోవడం లేదు మావయ్యా."

ఆయన చాలాసేపు ఆలోచించారు. తర్వాత, ఒక పెద్ద బరువు నెత్తికెత్తుకునేవాడిలా నిట్టూర్చి, చేతులు దూర్చారు. గుండీలు వాటంతటవే వెళ్లి కూర్చున్నట్టు పడ్డాయి. అద్దం ముందుకు వెళ్లి, వీపు తిప్పారు. ఏదో అడగబోయి ఆగిపోయారు. ఆ ప్రశ్నేమిటో ఆమెకి తెలుసు.

"ఎవరో బాగా బతుకుతున్న మనిషి, ఇష్టపడి కొనుక్కున్నాడనుకుంటాడు" అంది.

ఆయన ఇంకా కొంచెంసేపు అద్దం వైపు తిరగలేదు.

గొంతు మెల్లిగా తిరిగొచ్చింది. విజ్ఞప్తిగారు పార్సిళ్ల దగ్గర్నుంచి మళ్లీ మెట్లెక్కారు. ఇంకా మంచు కరగని ఒక పొద్దున, మేనకోడలు ఆయనకి ఫ్లాస్కు ఇవ్వడానికి స్టేషన్‌కి వెళ్తే, ప్లాట్‌ఫారం మీద ఆయనా గడియారాల మేస్త్రీ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మేస్త్రీ నశ్యం రంగు కోటుని ఎగాదిగా చూసి, ఎక్కడ కొన్నారండీ, చాలా బావుంది అన్నాడు.

"కొనలేదండీ" అన్నారు విజ్ఞప్తిగారు, మేనకోడలు వెనకే ఉందని తెలియక. "మా పిల్ల తెలివితక్కువగా తెచ్చి ఇరుక్కుపోయింది. నేను వేసుకోకపోతే దాని పరువు పోయేది. ఏం చేస్తాం."

మేస్త్రీ తన బూడిదరంగు కోటు కాలరు సవరించుకుని, సానుభూతిగా తలూపాడు. ఎదటివాళ్ల పొరపాట్లు మనలాంటి వాళ్లం మోయక తప్పదన్నాడు. నిజమేనన్నారు విజ్ఞప్తిగారు. ఇద్దరూ చేతులు జేబుల్లో పెట్టుకుని, ఊరికి తాము చేస్తున్న ఉపకారాన్ని తలుచుకుంటూ, చలిలో హాయిగా నిలబడ్డారు.