జాకీ వెనక పెట్టిన పొట్లం

2004లో నేను తెనాలిలో ఒక యాత్రా బస్సుల ఆఫీసులో టూర్ మేనేజర్ని. యాత్రికులకు కాశీ, గయ, పూరీ చూపించి క్షేమంగా ఇంటికి చేర్చడం నా పని. ఆ ఏడు తిరుగు ప్రయాణంలో మా డ్రైవర్ కరీముల్లాను ఎక్సైజు వాళ్ళు పట్టుకెళ్ళారు. అతని టూల్ బాక్సులో గంజాయి దొరికిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పొట్లం అందులో పెట్టింది నేనని మాత్రం అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

నిజానికి అది గంజాయి కాదు, భంగు. మొక్క ఒకటే. పూత గంజాయి, ఆకు భంగు. కాశీలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు కొట్లుంటాయి. బాపట్ల నుంచి వచ్చిన సుబ్బమ్మ పిన్నిగారు అక్కడ కొన్నది. ఇంటి దగ్గర ఆవిడ భర్తకు కాన్సరు. నొప్పికి నిద్ర ఉండేది కాదు.

"బాబూ, ఇది మనూరు తీసుకెళ్ళొచ్చంటావా?" అని అడిగింది.

"గవర్నమెంటు కొట్లో కొన్నదేగా పిన్నిగారూ. ఎవరేమంటారు?"

"అయితే నీ దగ్గరుంచు నాయనా. గంగ చెంబు పక్కన మత్తు సరుకు పెట్టలేను."

ఇంటికెళ్ళి గంగపూజ చేసేదాకా సీలు వేసిన ఆ చెంబును ఆవిడ ఒళ్ళోంచి దించదు. నేను పొట్లాన్ని టూల్ బాక్సులో జాకీ వెనక పెట్టి, నా దగ్గరున్న తాళంచెవితో తాళం వేశాను. కరీముల్లా అప్పుడు వెనక సీట్లో నిద్రపోతున్నాడు.

ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఆ రాష్ట్రంలో అమ్ముకోవడానికే. సరిహద్దు దాటించాలంటే వేరే పర్మిట్ ఉండాలి. కొన్న బిల్లు పర్మిట్ కాదు. ఏ సత్రంలో నీళ్ళు బావుంటాయో చెప్పగల నాకు ఈ రూలు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది.

ఒరిస్సా దాటగానే మన చెక్‌పోస్టులో బస్సు ఆపి అంతా వెతికారు.

"ఎవడిదిరా ఈ పెట్టె?"

"నాదేనండి. ఆ పొట్లం సంగతి తెలీదు సార్."

"నీ పెట్టెలోది నీకు తెలీదు. జాకీకి తెలుసా?"

కరీముల్లా ఒక్కసారి నా వైపు చూశాడు. పిన్నిగారు చెంబుతో లేవబోయింది. నేను కళ్ళతోనే కూర్చోమన్నాను. ఆవిణ్ణి కాపాడానని చాలా ఏళ్ళు సర్ది చెప్పుకున్నాను. నేను కాపాడుకున్నది నా ఉద్యోగాన్ని.

రెండో డ్రైవరు బస్సును తెనాలి చేర్చాడు. దిగేటప్పుడు పిన్నిగారు అడిగింది: "ఆ అబ్బాయి సంగతేంటి నాయనా?"

"వదిలేస్తారండి. ఓనరుగారు చూసుకుంటారు."

ఓనరు చూసుకోలేదు. పూత లేదు, ఆకే అని లాబ్‌లో తేలాక గంజాయి కేసు నిలవలేదు. కానీ అది తేలేలోపు, అతను రిమాండులో ఉండగానే, అతని తల్లి పోయింది. జనాజా మొయ్యడానికి ఒక్కగానొక్క కొడుకు లేడు. ఆ తర్వాత అతనికి బస్సు ఇచ్చినవాళ్ళూ లేరు.

'తెలియదు, కనుక్కుని చెప్తాను' అనడం మేనేజరుకు రావలసిన మొదటి మాట. నేను నేర్చుకున్నానుగానీ, దానికి మూల్యం ఇంకొకరు చెల్లించారు.

2009లో రేపల్లె బస్టాండు పక్కన కరీముల్లా పంక్చర్లు వేస్తూ కనిపించాడు. ఎదురుగా కూర్చున్నాను.

"కరీముల్లా, ఆ పొట్లం పెట్టింది నేనే."

అతను ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"తెలుసండి. రెండో తాళంచెవి మీ దగ్గరే కదా ఉండేది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరే చెప్తారని చూశానండి."

ట్యూబు పైకి తీసి తుడుస్తూ అతనే అన్నాడు: "నాకు చెప్పి ఏం లాభం సార్? అదిగో, ఆ టీ కొట్టు దగ్గర వాళ్ళకి చెప్పండి. ఇప్పటికీ నన్ను గంజాయి డ్రైవరనే పిలుస్తారు."

లేచి రోడ్డు దాటాను. గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు నా వైపు తిరిగారు.

"పొట్లం పెట్టింది నేనండి. ఆయనకేం తెలీదు. నేను నోరు మూసుకుంటే ఆయన జైలుకెళ్ళాడు," అని, అతనికి వినబడేలా ఇటు తిరిగాను. "కరీముల్లా, మీ అమ్మ జనాజాకి నిన్ను లేకుండా చేసింది నేనే. క్షమించు."