సత్తెమ్మక్కది మహిమ కాదు

నిన్న పొద్దున మిషన్ ముందు కూర్చుని బ్లౌజ్ కుడుతుంటే యాదగిరన్న ఫోన్ చేశాడు.

"అక్క పోయిందే" అన్నాడు. అంతే. పెట్టేశాడు.

మొన్నే ఆసుపత్రిలో నా చేత్తో ఇడ్లీ తినిపించాను. "జ్వరం తగ్గిందే, ఇగ ఇంటికి పంపిస్తరు" అంది. నేను నమ్మాను.

సత్తెమ్మక్క మా పెద్దమ్మ కూతురు. యాదగిరన్న ఆమె తమ్ముడు. ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఒక హోటల్లో అక్క హౌస్‌కీపింగ్ చేసేది. గదులు తుడవడం, దుప్పట్లు మార్చడం, పొద్దంతా నిలబడే ఉద్యోగం.

బడంగ్‌పేట్ నుంచి ఆటోలో ఏడుస్తూనే వెళ్లాను. వాకిట్లో అడుగు పెట్టగానే ఏడుపు ఆగిపోయింది.

అక్క శవం పక్కనే ఒకావిడ ఫోన్‌లో వీడియో చూపిస్తోంది. పోయిన ఎండాకాలం మైసమ్మ పండుగ వీడియో. అక్క బోనం ఎత్తుకుని, చెప్పులు లేకుండా తారు రోడ్డు మీద నడుస్తోంది.

"చూడుండ్రి, గంత ఎండల ఎట్ల నడుస్తుందో! అమ్మ ఆమె కాళ్ల కింద సల్లగ పరిచింది."

చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్‌కే దండం పెట్టారు. ఇవాళ మా వాళ్ల స్టేటస్‌లన్నీ అదే వీడియో. కింద "అమ్మవారే పిలిపించుకున్నారు" అని.

నిజం చెప్తున్నా, రోత పుట్టింది.

ఆ రోజు ఆ రోడ్డు మీద నేనూ ఉన్నాను. అరికాళ్లు కాలి మేమందరం గంతులేస్తున్నాం. బిందెలతో నీళ్లు పోస్తుంటే ఆ తడి మీదకు ఉరుకుతున్నాం. అక్క మాత్రం పెళ్లి ఊరేగింపులో నడిచినట్టు తాపీగా వెళ్లింది. గుడి దగ్గర వెనక్కి తిరిగి, "ఏందే, గట్ల ఎగురుతున్నరు?" అని నవ్వింది.

ఆడవాళ్లు వంగి ఆమె కాళ్లకు మొక్కారు. అక్క సిగ్గుపడిపోయింది. "నిజంగ నాకేం తెల్వలేదే" అంది.

అవును. నిజంగానే తెలియలేదు. షుగర్ వల్ల ఆమె పాదాల్లో స్పర్శ పోయింది. కాలితే కాలిందని చెప్పే నరాలు చచ్చిపోయాయి. ఆ సంగతి మాకు కాలు నల్లబడ్డాక పెద్దాసుపత్రిలో చెప్పారు.

అక్కకు షుగర్ ఉందని అందరికీ తెలుసు. మాత్ర వేసుకునేది. చాయ్‌లో చక్కెర మానేసింది. షుగర్ అంటే నోరు కట్టుకుంటే చాలనేదే మా అందరి లెక్క.

ఆమె మామూలుగా చూపించుకునే డాక్టర్ ఒకసారి "ఫుట్ కేర్ తీసుకోవాలమ్మా" అన్నాడట. అని నెక్స్ట్ పేషెంట్‌ను పిలిచాడట.

అక్క ఆ మాట నాతో కూడా చెప్పింది. "కాళ్లు మంచిగ చూసుకోమన్నడే. రోజూ సబ్బు వెట్టి కడుగుతనే ఉన్న. ఇంకేం చూసుకోవాలె?"

ఏం చూసుకోవాలో, ఎందుకు చూసుకోవాలో చెప్పే తీరిక ఆయనకు లేదు. చెప్పాల్సిన మాట చెప్పేశానని అనుకుని ఉంటాడు. థూ.

పండుగ మర్నాడు రెండు అరికాళ్లకూ బొబ్బలు. అవి అమ్మ ఇచ్చిన బొబ్బలట! దవాఖానలో కోయిస్తే అమ్మకు కోపం వస్తుందట! పసుపూ వేపాకూ నూరి కట్టారు. నొప్పి లేదు కదా, అక్క ఆ కట్టు మీదే డ్యూటీకి వెళ్లింది. కాంట్రాక్టర్ ఇచ్చిన బిగుతు బూట్లలో, పొద్దంతా.

పుండు చీము పట్టాక లీవ్ అడిగింది. "నొప్పి లేదంటవు, మంచిగనే నడుస్తున్నవు, ఇగ లీవెందుకు?" అన్నాడట సూపర్‌వైజర్.

సాక్సు పుండుకు అతుక్కుపోయింది. వాసన ఆమె కంటే ముందు పక్కన పనిచేసేవాళ్లకు తెలిసింది. అప్పుడైనా దవాఖానకు పో అన్నారా? లేదు. అన్నం తినేటప్పుడు దూరంగా జరిగి కూర్చున్నారు. ఆ కాళ్లకు మొక్కిన వాళ్లలో ఇద్దరు అక్కడే పని చేస్తారు.

పెద్దాసుపత్రిలో వేళ్లు తీసేయాలన్నారు. "ఇయ్యాల వేళ్లంటరు, రేపు కాలంటరు, ఒప్పుకోకు" అని చుట్టాలు మంచం చుట్టూ చేరి భయపెట్టారు. ఇన్సులిన్ మొదలుపెడితే "సూది దాకా వస్తే ఇగ ఆఖరే" అన్నారు. అక్క ఒప్పుకునేసరికి విషం రక్తంలోకి ఎక్కింది.

ఇదీ మీ మహిమ.

ఇంకొకటి కూడా చెప్పాలి.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు. యాదగిరన్న చెప్పులు లేకుండా పాడె మోశాడు. ఆయనకూ షుగరే. స్నానం చేసి వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. వాకిలి నుంచి ఆయన దాకా బండల మీద ఎర్రటి అడుగులు.

ఆయనే వాటిని చూసి అడిగాడు. "గా రక్తం ఎవరిదే?"

ఆయన మడమ తిప్పి చూశాను. సీసా పెంకు దిగి ఉంది.

ఒకావిడ వంటింట్లోకి పోయి పసుపు డబ్బా తెచ్చింది. దాన్ని లాక్కుని అవతల పెట్టాను. "మైల ఇంట్లకెళ్లి ఇయ్యాల బయటికి పోవద్దు బిడ్డా" అని ఇంకొకాయన. "మైల నాకు తగలనీ, నా అన్న కాలు దక్కనీ" అని అరిచాను. అన్నను ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు వెళ్లాను.

పెంకు తీశారు. కట్టు కట్టారు. వాళ్లతో ఫుట్ కేర్ అంటే ఏమిటో విడమరిచి చెప్పించుకునేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. రోజూ అరికాలు తిప్పి చూసుకోవాలట. చెప్పడానికి ఎంతసేపు పట్టింది?

ఆ వీడియో పెట్టినవాళ్లు నన్ను బ్లాక్ చేసినా సరే, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల పాదాలు ఇవాళ ఒకసారి తిప్పి చూడండి.

అక్కా, ఎంతమంది మొక్కినా, నీ కాలు ఎత్తి చూసినవాళ్లు ఒక్కరూ లేకపోయారే.

పోయి రా. డ్యూటీ లేని చోట, బూట్లు లేని చోట, ఎవ్వరూ దండం పెట్టని చోట, హాయిగా కాళ్లు చాపుకుని పడుకో.