మంచుకొండలు దిగొచ్చిన కాలు

1986. గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో వార్డు సిస్టర్‌గా పనిచేస్తున్నాను. మిరపకాయల సీజను. మా మంచాల్లో సగం మిర్చి యార్డు కూలీలే ఉండేవాళ్లు, ఒకరికి నడుం పట్టేసి, ఇంకొకరికి ఘాటుకి ఆయాసం ఎక్కువై. వాళ్ల మధ్యకి ఆంజనేయులనే మిలిటరీ జవాను వచ్చాడు. ఎడమ కాలు పిక్క దగ్గర్నుంచి తొడ దాకా వాచి, బిగుసుకుపోయి, ముట్టుకుంటే కాలిపోతోంది. వెంట భార్య పద్మ, అన్న కోటయ్య ఉన్నారు.

లద్దాఖ్ వైపు మంచుకొండల మీద నెలల తరబడి డ్యూటీ చేశాడట. సెలవు దొరికి కిందికి దిగి, రోజుల తరబడి రైల్లో కూర్చుని ఇల్లు చేరాడు. డాక్టరు గారు కాలు చూడగానే డీప్ వీన్ త్రాంబోసిస్ అన్నారు. కాలి లోపలుండే పెద్ద సిరలో రక్తం గడ్డకట్టడమన్నమాట.

"ఇంత వయసులో ఉన్నవాడికి ఇదేంటండీ?" అన్నాను. అప్పటిదాకా ఆ జబ్బు నేను బాలింతల్లోనూ, ఆపరేషనై మంచం పట్టినవాళ్లలోనూ చూశాను.

"అంత ఎత్తులో గాలి పల్చన సిస్టర్. ఆక్సిజన్ చాలక ఒళ్లు ఎర్రకణాలు ఎక్కువెక్కువ తయారు చేసుకుంటుంది. రక్తం చిక్కబడుతుంది. పైగా చలి, కదలకుండా ముడుచుకుని కూర్చోవడం. ఆ తర్వాత రైలు ప్రయాణం. అందరికీ రాదు, ఇతనికి వచ్చింది" అన్నారు.

పొయ్యి మీద మరిగి మరిగి చిక్కబడ్డ పులుసు గుర్తొచ్చింది నాకు. నీళ్లు బాగా తాగేవాడివా అని ఆంజనేయుల్ని అడిగాను. నవ్వాడు. "నీళ్లెక్కడివి సిస్టర్? మంచు కరిగించుకోవాలి. చలికి చెయ్యి బయటపెట్టబుద్ధి కాక దాహమేసినా ఊరుకునేవాళ్లం."

హెపారిన్ మొదలుపెట్టాం. ఉన్న గడ్డ పెరగకుండా ఆపే ఇంజెక్షను అది. ఎక్కువైతే ఒంట్లో రక్తస్రావమవుతుంది, తక్కువైతే పనిచెయ్యదు. అందుకని సన్నటి గాజు గొట్టంలోకి రక్తం తీసి ఎంతసేపటికి గడ్డకడుతుందో చూస్తుండాలి. క్లాటింగ్ టైమ్ అంటాం. కాలు దిండు మీద ఎత్తి పెట్టి, ఇంటివాళ్లకి ఒకటే మాట చెప్పాను. "నొక్కొద్దు, రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు. లోపలి గడ్డ ఊడిందంటే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక మనిషి దక్కడు."

పద్మ శ్రద్ధగా విన్నది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ అలవాటు కొద్దీ కాలు పట్టుకోబోతుంటే అడ్డం పడి చేతులు తీసేయించేది. వాపు కొంచెం తీసింది. అప్పుడు దిగాడండీ కోటయ్య, బెణుకులు తీసే ముసలాయన్ని వెంటేసుకుని, చేతిలో తైలం సీసాతో!

ముసలాయన్ని అనను. యార్డులో టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, మోసి నడుం పట్టేసిన వాళ్లందరికీ ఆయనే దిక్కు. కోటయ్య నడుమూ ఆయనే బాగుచేశాడట. మంచం దగ్గరికి రానివ్వనని నేను అడ్డం నిలబడ్డాను. సంగతి చెప్పేసరికి ముసలాయన తటపటాయించాడు కూడా.

"ఏంటమ్మా నీ పెత్తనం? పొడిచి పొడిచి వాడి చేతులు నల్లగా చేశారు. కాలు పట్టేస్తే నరం సవరించుకోవాలి గానీ రక్తం పల్చన చెయ్యడమేంటి?" అని అరిచాడు కోటయ్య.

కేకలకి డాక్టరు గారు వచ్చారు. నిదానంగా చెప్పాల్సిన మనిషి, ఆయనా గొంతు పెంచారు. "నా మాట మీద లెక్కలేనప్పుడు సంతకం పెట్టి తీసుకుపొండి!"

"పెడతా. నా తమ్ముణ్ణి నేను చూసుకోలేనా?"

ఇద్దరు మగాళ్ల పంతం. మధ్యలో మంచం మీద మనిషున్నాడన్న ధ్యాసే లేదు ఎవరికీ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆంజనేయుల వైపు తిరిగి "నువ్వు చెప్పు బాబూ, నేను వెళ్లనని ఒక్క మాట అను" అన్నాను. తల తిప్పుకున్నాడు. "నాన్న పోయాక చదివించింది మా అన్నే సిస్టర్. ఎదురు చెప్పలేను" అన్నాడు. మంచుకొండల మీద తుపాకీ పట్టుకు నిలబడ్డవాడు అన్న ముందు నోరు విప్పలేకపోయాడు. పద్మ బావగారి కాళ్ల మీద పడి ఏడ్చింది. "నీకేం తెలుసు, లేచి సామాన్లు సర్దు" అన్నాడాయన.

సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోయినవాణ్ణి మర్నాడు పొద్దున్నే టాక్సీలో తిరిగి తీసుకొచ్చారు. కాలికి తైలం ఇంకా ఆరలేదు. మర్దన చేస్తుండగానే గుండెల్లో పోటని అరిచి, ఊపిరందక నీలంగా మారిపోయాడట. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డం పడింది, పల్మనరీ ఎంబోలిజం. డాక్టరు గారు ఛాతీ నొక్కుతూనే ఉన్నారు, నేను ఆక్సిజన్ పెట్టాను. దారిలోనే పోయినవాణ్ణి ఎవరు తేగలరు?

వరండాలో కోటయ్య రొమ్ము బాదుకుంటూ "సూదులేసి చంపేశారు" అని పదిమందికీ వినబడేలా ఏడుస్తున్నాడు. డాక్టరు గారు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. పద్మ ఏడవకుండా నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"సిస్టర్ గారూ, ఆ కాలు పిసక్కుండా ఇక్కడే ఉంచితే బతికేవాడా?"

పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషికి ఏం చెప్పను? అబద్ధమాడడానికి మాత్రం నోరు రాలేదు. "బతికేవాడమ్మా" అన్నాను.

"నాకు తెలుసండీ. మీ నోటితో మా బావగారు వినాలనే అడిగాను."

కోటయ్య ఏడుపు ఆగిపోయింది. "టాక్సీ ఉంది, శవాన్ని ఎక్కించండి" అన్నాడు. పద్మ వెళ్లి అదే టాక్సీలో, ఆయన పక్కనే కూర్చుంది. ఆయన ఇల్లు తప్ప ఆ పిల్లకి ఇంకెక్కడుంది చోటు?

మందు ఎలా ఎక్కించాలో నాకు ట్రైనింగ్‌లో నేర్పారు. రోగి ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ముందు కనుక్కుని, జబ్బు సంగతి అతనికి అర్థమయ్యేదాకా చెప్పాలని మాత్రం ఎవరూ నేర్పలేదు. అది పద్మ మొగుడు పోయాక నేర్చుకున్నాను.