కోళ్లు అతనివి, తేనెటీగలు నావి

మా ఊళ్లోనూ, పక్క ఊళ్లలోనూ, చివరికి సౌదీలో దమ్మామ్ క్యాంపుల్లో పనిచేసే మావాళ్ల మధ్య కూడా ఒక మాట తిరుగుతోంది: నేను తోటి మనిషి కోళ్లను చంపి ఊరికి పోయే చుట్టీ సంపాదించానని. ఫోన్లో ఎంతమందికని చెప్పను? పదో తరగతి తప్పిన ఏడాది నుంచి మా మండలం గ్రంథాలయంలో కూర్చుని, అక్కడి బీరువాల్లో ఉన్న ప్రతి పుస్తకాన్నీ అట్ట నుంచి అట్టదాకా చదివినవాణ్ని నేను. అంత చదివినవాడు తన మీద పడిన మాటకు రాతలో జవాబు చెప్పకపోతే ఆ చదువెందుకు? అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న కఫీల్ కిందే మేం ఇంకా ఉన్నాం.

హాయిల్ పట్టణం బయట, ఎడారి అంచున మేం పనిచేసే తోట, మజ్రా. ఖర్జూరపు చెట్లు, మధ్యలో కఫీల్ సెలవు రోజుల్లో వచ్చి కూర్చునే ఇల్లు, వెనక పెరట్లో మేముండే గది. పనిచేసేది ఇద్దరం. రెండో అతను నిజామాబాద్ వైపు మనిషి, నాకన్నా పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఇక్కడికి రాకముందు చాలా ఏళ్లు కోళ్ల ఫారంలో పనిచేశాడు. అతను విమానం ఎక్కిన తర్వాత కూతురు పుట్టింది. ఇప్పుడు ఆ పిల్ల నడుస్తుంది, మాట్లాడుతుంది. నాన్న ఏడని అడిగితే ఫోన్ చూపిస్తుంది.

కఫీల్‌కు వీడియోలు చూసే అలవాటు. పోయిన ఏడాది వాటిని చూసి నాటుకోళ్లు కొన్నాడు, నాలుగు తేనెటీగల పెట్టెలు కొన్నాడు. చలి మొదలవగానే తేనెటీగల వ్యాపారులు తమ పెట్టెలను లారీలకెక్కించి వెచ్చగా ఉండే జిజాన్ వైపు తీసుకుపోతారు. మావి పంపుదామంటే ఆయన వినలేదు. మంట దగ్గర కూర్చుని చాయ్ తాగుతూ మా ఇద్దరినీ పిలిచి తీర్పు చెప్పాడు.

"మీ ఇద్దరికీ చుట్టీ కావాలి. ఇద్దరినీ పంపలేను. కోళ్లు ఇతనివి, తేనెటీగలు నీవి. చలికాలం దాటాక ఎవరివి బతికి ఉంటే వాళ్లు ఊరికి పోతారు. రెండూ చస్తే ఎవరూ పోరు."

రెండూ బతికితే ఏమిటని నేను అడిగాను. అప్పుడు చూద్దామని నవ్వాడు. తన స్నేహితులకు ఫోన్ చేసి ఈ పందెం గురించి అప్పటికప్పుడే చెప్పుకున్నాడు.

అన్నకు కూతురుంది. నాకు అంత పెద్ద కారణమేమీ లేదు. మూడేళ్లయింది, ఊరు చూడాలని ఉంది. అయినా ఆ పూట నుంచి అతని కోళ్లలో జబ్బు కోసం వెతికినట్టు చూశాను. అతనూ నా పెట్టెలను అలాగే చూశాడు.

తేనెటీగల గురించి నాకు తెలిసిందల్లా గ్రంథాలయంలో చదివిందే. చలి పట్టకముందే చక్కెర పాకం చిక్కగా కాచి పెట్టాను. పెట్టె గుమ్మానికి చెక్క అడ్డం పెట్టి, వేలు పట్టేంత సందు మాత్రం వదిలాను. చట్రాల మీద ప్లాస్టిక్ కాకుండా గోనె పరిచాను. ప్లాస్టిక్ పరిస్తే వాటి ఊపిరి తడి వాటి మీదే కారుతుంది. ఈగలు రాణి చుట్టూ ముద్దగా చేరి, రెక్కల కండరాలు వణికించి వేడి పుట్టించుకుంటాయి. అంతకుముందే మగ ఈగలను రెక్కలు పట్టి బయటికి ఈడ్చేస్తాయి. తిండికి దండగ అని. ఆ ఈడ్చివేతను కఫీల్ వంగి చూసి, "చాలా తెలివైన కంపెనీ," అన్నాడు.

చలి మామూలు చలి కాదు. పొద్దున్నే నల్లా తిప్పితే నీళ్లు రావు, పైపులో గడ్డకట్టి ఉంటాయి. కోళ్ల తురాయిలు కొసల్లో నల్లబడ్డాయి. గుడ్లు ఆగిపోయాయి. కాస్త ఎండ రాగానే నా ఈగలు కడుపు ఖాళీ చేసుకోవడానికి బయటికి వచ్చేవి. వాటిలో కొన్ని గాలికి కొయ్యబారి నేల మీద పడేవి. సరిగ్గా ఆ వేళకే అన్న కోళ్లను వదిలేవాడు. అవి పరుగెత్తుకుంటూ వచ్చి పెట్టెల ముందు ఒక్కో ఈగనే ఏరుకుని తినేవి.

"అన్నా, కోళ్లను జెర ఆలిశంగ ఇడువు. నా ఈగలన్ని తింటున్నయ్."

"కోడికేం దెలుసు తమ్మి, ఏది నీదో ఏది నాదో. దానికి లైబ్రరీ చదువు లేకపాయె."

ఒక పొద్దున రాయి విసిరాను. ఒక పెట్ట కాలు విరిగింది. అన్న ఆ పెట్టను కోసి కూర వండాడు. నా పళ్లెంలో ఖుబ్బూస్ రొట్టె మీద ఆ కాలు ముక్కే వేశాడు.

"నువ్వు గొట్టిన కాలే తమ్మి. తిను, నీకే జెందాలె."

తిన్నాను. బాగా వండాడు.

తర్వాత చలి ఇంకా ముదిరింది. నా పెట్టెల్లో ఒకటి పోయింది, మూత తీస్తే ఈగలు కట్టిన ముద్ద కట్టినట్టే చచ్చి ఉన్నాయి. కోళ్లు కూడా ఒక్కొక్కటే రాలుతున్నాయి. అప్పుడు అన్న తన ఫారం రోజుల పని మొదలుపెట్టాడు. మా దిక్కు ఫారాల్లో చలికాలం కోడిపిల్లలకు చుట్టూ గోనె పరదాలు కట్టి, లోపల బొగ్గుల కుంపటి పెడతారు. అక్కడ గోడలుండవు, జాలీ ఉంటుంది. గోనెలోంచి గాలి ఆడుతుంది. ఇక్కడ కోళ్లున్నది పాత రేకుల గది, పోర్టాక్యాబిన్‌లో. గదికంతా సరిపడే గోనె దొరక్క అతను సందులన్నిటికీ ప్లాస్టిక్ పట్టా బిగించాడు. కఫీల్ మంటకోసం తెప్పించిన బొగ్గు తెచ్చి ఇనుప డబ్బాలో రాజేశాడు.

నేను చూసి గుమ్మం దగ్గరికి వెళ్లాను. "అన్నా, బొగ్గు గాలి ఇషం. పొగ రాకున్నా సంపుతది. పైన సందు ఇడువు. నేను చదివిన."

"పదేండ్లు ఫారంల కుంపటి వెట్టినోన్ని నేను."

"గది ఫారం గాదే అన్నా. ఇది డబ్బా."

అతను లేచి నిలబడ్డాడు. "సందు ఇడిస్తే సలి జొరవడ్తది. కోళ్లు సస్తయ్. నువ్వు చుట్టీ పోతవ్. గదే గదా నీ బుక్కుల రాసి ఉన్నది?"

అతని చోట ఉంటే నేనూ అదే అనేవాణ్ని. సాయంత్రం అతను దాణా తేవడానికి పోయినప్పుడు వెనకవైపు ప్లాస్టిక్ చింపాను. నీళ్ల ట్యాంకర్ నడిపే పాకిస్తానీ డ్రైవర్ అప్పుడే లోపలికి వస్తూ నన్ను చూశాడు. అన్న తిరిగి వచ్చి, చిరుగు చూసి, దాని మీద రెండు మడతల ప్లాస్టిక్ మేకులతో కొట్టాడు. ఇంకోసారి ఈ గది దిక్కు వస్తే చెయ్యి విరుస్తానన్నాడు.

తెల్లారి అతని కేక వినిపించింది. అది ఏడుపు కాదు, సంబరం. "తమ్మి, జూడు, తురాయిలు ఎర్రగైనయ్."

వెళ్లి చూశాను. కోళ్లన్నీ అవి ఎక్కి పడుకునే కర్రల కింద పడి ఉన్నాయి. నల్లబడని చోటల్లా తురాయిలు పండు మిరపకాయల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. బొగ్గు గాలికి చచ్చిన ఒంట్లో నెత్తురు అలా ఎర్రగా కనిపిస్తుందని నేను చదివాను. వెచ్చగా నిద్రపోతున్నాయనుకుని అన్న ఒకదాన్ని చేతిలోకి తీసుకుని ఇంకా లేపుతూనే ఉన్నాడు. తలుపు బార్లా తెరిచాను, అతన్ని చెయ్యి పట్టి బయటికి లాగాను. నేను చదివిన సంగతి అప్పుడు చెప్పలేదు.

కఫీల్ వచ్చాడు. కోయకుండా చచ్చినవి తినడానికి పనికిరావు, పూడ్చమన్నాడు. గొయ్యి నా పెట్టెల పక్కనే తవ్వించాడు. అన్న తవ్వుతుంటే నా చెయ్యి పట్టుకుని కుస్తీలో గెలిచినవాడికిలా పైకెత్తి, రెండో చేత్తో వీడియో తీసుకున్నాడు. అన్నను పంపండి, అతనికి కూతురుందని అడిగాను.

"మాటంటే మాట. నీకు వద్దంటే చెప్పు, ఎవరూ పోరు."

వద్దనలేదు. పోయాను.

నాకన్నా ముందే డ్రైవర్ మాట క్యాంపుల ఫోన్ల మీదుగా ఊరు చేరింది. వీడే ప్లాస్టిక్ చింపి చలి లోపలికి వదిలాడు, కోళ్లు చచ్చాయి అని. అది తెలియక ఖర్జూరాలు, ఒక కంబళి పట్టుకుని అన్న ఇంటికి పోయాను. వదిన గడపలోనే నిలబడింది. మంచినీళ్లు ఇవ్వలేదు. ఆమె వెనక నుంచి పిల్ల తొంగిచూసి, చేతిలోని ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"అమ్మా, నాన్న ఫోన్లకెళ్లి బయటికొచ్చిండా?"

"కాదు బిడ్డా. నాన్నను రానియ్యనోడు." తర్వాత నాతో అంది, "ఆ సంచి ఆడ్నే వెట్టి పో."

పెట్టి వచ్చాను. మిగిలిన సెలవంతా జనం అదే అడిగారు.

తిరిగి వచ్చేసరికి నా మూడు పెట్టెలూ బతికే ఉన్నాయి. నేను లేనప్పుడు వాటి మూతలు తీసి పడేస్తే అడిగేవాళ్లు లేరు. అన్న నీళ్లు పెట్టాడు, చీమలు పట్టకుండా పెట్టెల కాళ్ల కింద నూనె గిన్నెలు పెట్టాడు. ఎందుకని అడిగితే నా మొహం చూడకుండా, "వాటితోని నాకేం పంచాది," అన్నాడు. ఆ తర్వాత నాతో మాటలు మానేశాడు.

మళ్లీ చలి మొదలైంది. కఫీల్‌కు పందెం రుచి తగిలింది. ఈసారి మార్చాడు: కొత్త కోళ్లు నావి, తేనెటీగలు అన్నవి.

సాయం చేసినవాళ్లకు దండం పెట్టి ముగిస్తాను. తలుపు మూసే వేళ దాటినా లైటు ఆర్పకుండా కూర్చోనిచ్చిన మా గ్రంథాలయం సార్‌కు. ఈసారి గోనె పట్టాలు ఊరికే ఇచ్చిన, హాయిల్‌లో దుకాణం నడిపే హైదరాబాద్ భాయ్‌కి. నన్ను గడపలో నిలబెట్టినా సంచి తీసుకున్న వదినకు. పాకిస్తానీ డ్రైవర్‌కు కూడా. ఆ మాట పుట్టించింది అతనే. నిజం చెబితే నమ్మి తల దించుకున్నది కూడా అతనే. నేను నేరుగా ఏం చెప్పినా అన్న దానికి అడ్డంగా చేస్తాడు కాబట్టి, ఇప్పుడు ఆ డ్రైవర్ రోజూ సాయంత్రం ట్యాంకర్ ఆపి, పెరడంతా వినిపించేలా నన్ను హిందీలో అడుగుతాడు, చలికి పెట్టె గుమ్మం ఎంత సందు వదలాలని. నేనూ అంతే గట్టిగా చెబుతాను. వేలు పట్టేంత. పైన గోనె. ప్లాస్టిక్ వద్దు.

చివరి దండం అన్నకు. మేం ఇలా అరుచుకుంటుంటే అతను మాకు వీపు పెట్టి పెట్టె ముందు గొంతుకూర్చుని ఉంటాడు. నిన్న గుమ్మానికి చెక్క అడ్డం పెట్టాడు. సందులో వేలు పెట్టి చూశాడు.