ఉయ్యాల అడుగున మహాగని

ఘాటీలో వాగు పొంగి బండి బోల్తా పడినప్పుడు నాకు పోయినవి ఉప్పు రెండు బస్తాలు, ఒక గొడుగు, విశాఖపట్నంలో ఒక దొరగారి సామాన్ల వేలంలో కొన్న చెక్కపెట్టె.

మరుసటి నెల అరకు సంతకు వెళ్తూ దారిలో గాసన్న అనే కొండరైతు ఇంట ఆగాను. వసారాలో అతని పసికూతురు ఉయ్యాలలో నిద్రపోతోంది. ఉయ్యాల అడుగున వేసిన పలక ముదురు ఎరుపు. దాని చారలు ఒక వరుస ఇటూ ఒక వరుస అటూ తిరిగి, వెలుగు పడ్డచోట పట్టుబట్టలా మెరుస్తున్నాయి. మన టేకుకు గానీ వేగిసకు గానీ చారలు అలా ఉండవు.

"ఇది దక్షిణ అమెరికా మహాగని. నా పెట్టె మూత" అన్నాను, గుర్తుపట్టిన సంబరంలో.

గాసన్న భార్య బిడ్డను ఎత్తుకుంది. అతను పలక విప్పి నా ముందు పెట్టాడు.

"వాగులో కొట్టుకొచ్చింది బాబూ. రెండు సంతలదాకా ఒడ్డునే ఉంచినాం, ఎవులూ రానేదు. మా గుంట ఇన్నాళ్లు దీనిమీద పడుకున్నందుకు ఇయ్యి కూడా అట్టుకెళ్లు" అని మూడు మానికల సామలు కొలిచాడు.

"వద్దు గాసన్నా, పలక ఉయ్యాలకే ఉంచు."

"నువ్వట్టుకెళ్లకపోతే మేం దొంగలమైపోమా?"

బిడ్డ ఏడుస్తుండగా, తల ఎత్తలేక, రెండూ మోసుకొచ్చాను. మరుసటేడు పలకతో వెళ్తే, పోడు మార్చుకుని వాళ్లు ఏ కొండకో వెళ్లిపోయారు. మూడు మానికల సామలు ఈనాటికీ నేను వారికి బాకీ.